గాలికి కుట్టిన చొక్కా

కొత్తగా కట్టిన పెద్ద షెడ్డులోకి, మందులో తినుబండారాలో ప్యాకింగు చేసే హాల్లోకి వెళ్ళే పని పడితే ఒకసారి తలెత్తి చూడండి. ఇనుప దూలాలకు కాస్త దిగువన, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లగానో లేత నీలంగానో పొడుగాటి గొట్టం ఒకటి వేలాడుతూ ఉండవచ్చు. రేకు కాదు, గుడ్డ. పొద్దున మిషన్లు మొదలుకాక ముందు అది దండెం మీద ఆరేసి మరిచిపోయిన పంచెలా జారిపోయి ఉంటుంది. ఎవరో స్విచ్ వేస్తారు. ఒక కొస నుంచి ముడతలు విచ్చుకుంటూ, మింగిన ఎర కొండచిలువ ఒంట్లో జరిగినట్టు, గాలి రెండో కొస దాకా జరుగుతుంది. చూస్తూండగానే గుడ్డ కాస్తా గుండ్రని స్తంభమైపోతుంది. దాని కింద నిలబడితే మొహం మీద గాలి కొట్టదు. వేసవి సాయంత్రం డాబా మీద, ఎటు నుంచి వచ్చిందో తెలియకుండానే కాస్త చల్లబడినట్టుంటుంది చూడండి, అలా ఉంటుంది.

దీన్ని ఆ పనిలో ఉన్నవాళ్ళు ఫ్యాబ్రిక్ డక్ట్ అంటారు. మనం గుడ్డ డక్టు అనుకుందాం. ఫ్యాను దగ్గర పుట్టిన గాలిని దూరంగా ఉన్న మనిషి దగ్గరికి మోసుకెళ్ళడానికి ఇన్నాళ్ళూ మనకు తెలిసింది జీఐ రేకు డక్టు. రేకు కోసి, వంచి, అంచులు మడిచి, సుత్తితో చెవులు గింగురుమనేలా కొట్టి, నలుగురు పట్టి పైకెత్తి బిగిస్తారు. 0.8 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు 6 కిలోలకు పైగా తూగుతుంది. అదే పనికి వాడే పాలియెస్టర్ గుడ్డ పావుకిలోకు అటూ ఇటూ. ఒక హాలుకు సరిపడా గుడ్డ డక్టును మడిచి అట్టపెట్టెల్లో పెట్టి ఆటోలో పంపవచ్చు. దాన్ని చేసేది రేకు పనివాళ్ళు కాదు, దర్జీలు. కొలతలు తీసుకుంటారు, కత్తిరిస్తారు, ముక్కకూ ముక్కకూ జిప్పు కుడతారు. గాలికి చొక్కా కుడుతున్నారంటే అతిశయోక్తి కాదు. చేతులూ మెడా లేని చొక్కా, అంతే.

ఈ ఆలోచన 1970ల్లో డెన్మార్క్‌లోని ఆహార కర్మాగారాల్లో రూపుదిద్దుకుంది. మాంసం కోసే గదులు చలిగా ఉండాలి, లేకపోతే సరుకు పాడవుతుంది. ఆ చలిలో ఎనిమిది గంటలు నిలబడి కత్తిపట్టే మనిషి మెడ మీదికి రేకు డక్టు మూతిలోంచి గాలి ఒకే ధారగా కొడితే ఎముకలు కొరికినట్టుంటుంది. పైగా రేకుకు చెమట పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు మీద నీటి చుక్కలు చేరినట్టే, చల్లగాలి మోసే రేకు గొట్టం బయట వైపున గదిలోని తేమ చుక్కలుగా పేరుకుని కింద ఉన్న సరుకులో పడుతుంది. గుడ్డకు సన్నని రంధ్రాలుంటాయి కనుక లోపలి పొడిగాలి ఒళ్ళంతా చిమ్ముతూ, బయటి తేమను దగ్గరికి రానివ్వదు. చెమట పట్టే సందర్భమే తక్కువ. మురికి పడితే జిప్పులు విప్పి ఉతుక్కోవచ్చు. మాంసమూ పాలూ తాకే చోట అది చిన్న సదుపాయం కాదు.

అన్నిటికంటే మెచ్చుకోవలసింది అది గాలిని పంచే తీరు. మన కాలువల సంగతి ఎరిగినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాలువ తల దగ్గర పొలమున్న రైతుకు నీళ్ళ దిగులుండదు. చివరి భూముల రైతే రాత్రంతా టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట తిరుగుతాడు, తూము దగ్గర తగువు పడతాడు. పైనున్నవాళ్ళు తోడుకోగా మిగిలింది అతని వాటా. గాలి గొట్టంలోనూ అంతేనని అనుకుంటాం, కానీ చివర మూసిన గొట్టంలో కథ తిరగబడుతుంది. గొట్టం పొడుగునా రంధ్రాల గుండా గాలి బయటికి పోతున్నకొద్దీ లోపల మిగిలిన గాలి వేగం తగ్గుతుంది. తగ్గిన వేగం ఊరికే పోదు, ఒత్తిడిగా మారుతుంది. గొట్టం మరీ పొడుగైతే ఆ కలిసొచ్చిందాన్ని లోపలి రాపిడి తినేస్తుంది. సరిగ్గా లెక్కకట్టిన కొలతల్లో మాత్రం చాలాసార్లు మొదటి కంటే చివరే ఒత్తిడి కాస్త ఎక్కువ. అంటే చివరి భూమికి రవ్వంత ఎక్కువ నీరన్నమాట. ఏ లస్కరూ లాకు ఎత్తనక్కరలేదు, ఏ ఇంజనీరుకూ అర్జీ పెట్టనక్కరలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఇది గుడ్డ గొప్ప కాదు. చివర మూసిన ఏ గొట్టానికైనా ఉండే గుణమే. కాకపోతే రేకుకు పది చోట్ల మూతులు పెట్టి ఒక్కోదానికీ తలుపులు బిగించి సరిచూసుకోవాలి. గుడ్డకు వేల రంధ్రాలను లేజరుతో పొడిచి ఊరుకోవచ్చు. లోపలి ఒత్తిడి కూడా పెద్దదేమీ కాదు. గిన్నెలో ఒక సెంటీమీటరు ఎత్తున నీళ్ళు పోస్తే అడుగున ఎంత బరువు పడుతుందో దాదాపు అంత. పసిపిల్ల బుడగ ఊదడానికి పడే ప్రయాస కంటే ఎంతో తక్కువ. ఆ కాస్త ఒత్తిడితోనే అంత గుడ్డా బిగువుగా నిలబడుతుంది.

గుడ్డకూ గాలికీ ఈ చుట్టరికం ఈనాటిది కాదు. లోతైన బావులు తవ్వేటప్పుడు అడుగున చెడుగాలి చేరితే నారగుడ్డలను అదేపనిగా ఊపుతూ గాలిని బాగుచేయాలని దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. గనుల గురించి 1556లో అచ్చయిన జర్మన్ పండితుడు అగ్రికోలా గ్రంథంలో తిత్తులూ తిరిగే ఫ్యాన్లూ గాలిని పట్టే పెట్టెలూ వరసగా ఉన్నాయి. వాటి సరసన ఆ నారగుడ్డ కూడా ఉంది. మనవాళ్ళకు కొలిమి తిత్తి ఉండనే ఉంది. తోలు సంచిని తొక్కి గాలిని ఒక సన్న దారిన పంపడం మన కమ్మరికి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. కాకపోతే ఆ గాలి నిప్పు కోసం, కమ్మరి కోసం కాదు. తెల్లదొరల కచేరీల్లో దూలానికి వేలాడదీసిన పంకా కూడా గుడ్డే. వరండాలో కూర్చుని దాని తాడు లాగిన మనిషికి ఆ గాలి తగిలేది కాదు.

తెరచాప ఓడల కాలంలో గుడ్డ అచ్చంగా గొట్టమే అయింది. మందపాటి కాన్వాసును గరాటులా కుట్టి, పై మూతిని గాలికి ఎదురుగా తెరిచి కొయ్యకు కట్టి, తోకను ఓడ అడుగు అంతస్తుల్లోకి వదిలేవారు. దాన్ని గాలి తెరచాప అనేవారు. గాలి వీచినంత సేపూ కింద ఉన్నవాళ్ళకు ఊపిరాడేది. సముద్రం నిద్రపోయిన రోజున గొట్టమూ వేలాడిపోయేది. మన గుడ్డ డక్టుకు ఇదే ముత్తాత. ఆ ముత్తాత లోపం చూసి మరో దారి వెతికినవాడు స్టీఫెన్ హేల్స్. లండన్ పక్కన టెడింగ్టన్‌లో చర్చి పాస్టరు. గుర్రం రక్తనాళానికి గాజు గొట్టం తగిలించి మొట్టమొదటిసారి రక్తపు ఒత్తిడిని కొలిచింది ఈయనే. 1741లో ఆయన మనుషులు చేత్తో ఆడించే పెద్ద తిత్తుల్లాంటి గాలి యంత్రాన్ని ప్రతిపాదించాడు. ఓడలకూ ఆసుపత్రులకూ జైళ్ళకూ ధాన్యపు కొట్లకూ ఒకటే మందు.

హేల్స్ కథలో ఒక చోట ఆగాలి. 1750లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో జైలు జ్వరం అంటుకుని ఆ నగర మేయరు, జడ్జీలు కూడా చనిపోయారు. పక్కనున్న న్యూగేట్ జైలు గాలి చెడిందని గగ్గోలు పుట్టింది. ఖైదీలు అంతకుముందు ఎన్ని ఏళ్ళుగా చస్తున్నా పుట్టని గగ్గోలు అది. 1752లో జైలు కప్పు మీద గాలిమర పెట్టి హేల్స్ యంత్రంతో లోపలి గాలిని బయటికి తోడారు. ఆ గొట్టాలు బిగించడానికి వెళ్ళిన కూలీల్లో చాలామంది అదే జ్వరాన పడ్డారని జాన్ ప్రింగిల్ అనే వైద్యుడు రాయల్ సొసైటీకి రాశాడు. గాలి తెచ్చినవాళ్ళకే గాలి అందలేదు. తమాషా ఏమిటంటే ఆ జ్వరానికి కారణం గాలి కానేకాదు. అది టైఫస్, పేల వల్ల వస్తుంది. ఆ సంగతి తేలింది 1909లో. తప్పు కారణంతో మొదలుపెట్టిన మంచిపని లోకంలో ఇదొక్కటే కాదు లెండి.

ఇంకొంచెం లోతుకు వెళ్తే మనసు చివుక్కుమంటుంది. హేల్స్ యంత్రాలను బానిస ఓడల్లోనూ బిగించారు. తన ఓడలో బానిసలు చావకుండా చేరుతున్నారని హెన్రీ ఎల్లిస్ అనే కెప్టెన్ హేల్స్‌కు మెప్పుగా ఉత్తరం రాశాడు. బతికించింది మనుషులను కాదు, సరుకును. మనిషికి గాలి అందింది నిజమే. అందించినవాడి లెక్కలో మాత్రం ఆ మనిషి మనిషి కాడు.

పని చేసే చోట గాలి చరిత్రను తిరగేస్తే ఈ లెక్క మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ముందు సరుకుకు గాలి, తర్వాత మనిషికి. విల్లిస్ క్యారియర్ 1902లో గాలిలోని తేమను అదుపు చేసే ఏర్పాటును గీసింది బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్సు కోసం. తేమకు కాగితం సాగి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం లేదని. అక్కడ చెమటలు కక్కింది పనివాళ్ళే అయినా ఫిర్యాదు కాగితం తరఫున వచ్చింది. నాలుగేళ్ళకు, 1906లో, నార్త్ కరోలినా బట్టల మిల్లుల ఇంజనీరు స్టువార్ట్ క్రామర్ ‘ఎయిర్ కండిషనింగ్’ అనే మాటను వాడాడు. కండిషనింగ్ అంటే అప్పటికి మిల్లుల్లో నూలుకు తగినంత తేమ పట్టించడం. నూలుకు చేసే ఉపచారాన్నే గాలికీ చేస్తే పోలా అన్నది ఆయన ఆలోచన. ఇవాళ మనం ఆఫీసులోనో బస్సులోనో ‘ఏసీ వేయండి’ అంటున్నప్పుడల్లా తెలియకుండా నూలు పోగు మాటను పలుకుతున్నాం.

నూలు సంగతి మన నేతగాళ్ళకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మంగళగిరి వెళ్ళినా పోచంపల్లి వెళ్ళినా గుంట మగ్గం ముందు కాళ్ళు గోతిలో దింపుకుని కూర్చున్న నేతగాడు చెబుతాడు. నేలలో చెమ్మ ఉంటే పడుగు మెత్తగా మాట వింటుంది, వడగాలి తగిలితే పుటుక్కున తెగుతుంది. అందుకే మగ్గం ఉన్న గదికి కిటికీలు చిన్నవి, వేసవిలో అవీ మూసే ఉంటాయి. పోగుకు హాయి, మనిషికి ఉక్క. మగ్గం ఒకటైనప్పుడు ఆ ఉక్క ఇంటిపాటిది. వందల మగ్గాలు ఒక కప్పు కిందికి చేరితే అది చట్టం దాకా పోయింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల మంచి పత్తి దొరకక లాంకషైర్ మిల్లులు నాసిరకం పత్తితో సరిపెట్టుకోవలసి వచ్చింది. మన సూరత్ పత్తీ అందులో ఉంది. దారం నిలవడానికి గంజి దట్టించేవారు. గంజి పట్టిన దారం పెళుసెక్కకుండా షెడ్లలోకి ఆవిరి వదిలేవారు. నేతపనివాళ్ళు ఆవిరిలో తడిసి, తడిబట్టలతోనే బయటి చలిలోకి నడిచేవారు. చివరికి 1889లో బ్రిటిష్ పార్లమెంటు షెడ్డులో తేమ ఇంతకు మించకూడదని, బయటి గాలి లోపలికి రావాలని చట్టం చేసింది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కృత్రిమ తేమ గురించి ఒక సెక్షనే విడిగా ఉండటానికి మూలం అక్కడే ఉంది.

తేమ ఒక పక్క, దూది ధూళి ఇంకో పక్క. జిన్నింగు మిల్లులోనో స్పిన్నింగు మిల్లులోనో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ ఛాతీ వారపు సెలవు తర్వాత పనికి వచ్చిన మొదటి రోజున బిగుసుకుపోతుంది. బిస్సినోసిస్ అని వైద్యులు పెట్టిన పేరు. సన్నని నారబట్టకు ప్రాచీన గ్రీకులు వాడిన మాటలోంచి వచ్చింది. అంటే జబ్బు పేరులోనే బట్ట ఉంది. ఒకనాడు మనిషి ఊపిరిని తిన్న బట్టే ఇప్పుడు కప్పు కింద గొట్టమై మనిషికి ఊపిరి మోస్తోందంటే, ఆ గుడ్డ డక్టును చూసే కన్ను కాస్త మారుతుంది.

ఊపిరి మోసే గుడ్డను తెలుగు నేల మీద చాలాకాలంగా ఎరిగినవాళ్ళు సింగరేణి కార్మికులు. బాయి దిగినవాళ్ళకు గాలి విలువ పుస్తకం చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. పైనున్న పెద్ద ఫ్యాను గని మొత్తం గాలిని లాగుతుంది. ఒక దారిన లోపలికి, ఇంకో దారిన బయటికి. కానీ కొత్తగా తొలుస్తున్న దారి ముందు మూసుకునే ఉంటుంది కదా, గాలి అటు తొంగిచూడదు. అక్కడికి చిన్న ఫ్యాను పెట్టి, రబ్బరు పూసిన గుడ్డ గొట్టాన్ని పైకప్పుకు వేలాడదీసి, బొగ్గు తీసే ముఖం దాకా లాగుతారు. లేదా బ్రాటిస్ అనే తెరగుడ్డను అడ్డంగా కట్టి గాలిని ఆ సందులోకి మళ్ళిస్తారు. గొట్టం చిరిగితే కొసన ఉన్నవాడికి గాలి తగ్గుతుంది. కనుక గుడ్డకు పడ్డ చిరుగు అక్కడ బట్టల చిరుగు లాంటిది కాదు.

బొగ్గు గనుల నిబంధనల్లో ఈ గాలికి లెక్క రాసి ఉంది. పెద్ద షిఫ్టులో ఉన్న ఒక్కో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజుకు తీసే ఒక్కో టన్ను బొగ్గుకు 2.5 ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అది. గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. వేడినీ తేమనూ కలిపి చూపే తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు. ఆరు వేల లీటర్లా అని ఆశ్చర్యం వేస్తుంది, ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఏడెనిమిది లీటర్లే కనుక. మిగతాదంతా మీథేనును పలచన చేయడానికి, వేడినీ ధూళినీ తోసేయడానికి. ఈ నిబంధనలో మనసు నిలిచేది మనిషినీ టన్నునూ పక్కపక్కన నిలబెట్టిన తీరు దగ్గర. మామూలుగా ఇలాంటి చోట సరుకు గెలుస్తుంది, మనిషి ఓడతాడు. ఇక్కడ బొగ్గు పేరుతో ఎక్కువ గాలి వస్తే అది పీల్చేదీ మనిషే. లెక్కలు రాసినవాళ్ళలో ఎవరో బాయి దిగినవాళ్ళు ఉండి ఉంటారనిపిస్తుంది.

నేల మీది ఫ్యాక్టరీలకూ 1948 చట్టం ఒక లెక్క పెట్టింది. ఆ తర్వాత కట్టిన ఫ్యాక్టరీల్లో మనిషికి 14.2 ఘనపు మీటర్ల చోటుండాలంది. అయితే నేల నుంచి 4.2 మీటర్ల పైన ఉన్న ఖాళీని అందులో కలపకూడదంది. మేము కప్పును అరవై అడుగుల ఎత్తున కట్టాం, బోలెడు గాలుంది అని యజమాని అనడానికి వీల్లేకపోయింది. తలపైన ఎంత ఆకాశం ఉన్నా ముక్కుకు అందేదే లెక్క. ఆ సంఖ్యలను విభజించి చూస్తే మనిషికి నేల మీద రెండు మంచాలు పట్టేంత జాగా వస్తుంది. ఉదారమైన లెక్కేమీ కాదు గానీ, చట్టాల్లో కనిపించే కొద్దిపాటి తెలివైన వాక్యాల్లో ఇదొకటి.

మరి మన షెడ్లలో జరిగేదేమిటి? సిమెంటు రేకుల కప్పు, మే నెల ఎండ, కప్పు మీద గాలికి గిర్రున తిరిగే టర్బో వెంటిలేటర్లు రెండో మూడో. అవి పాపం కరెంటు అడగకుండా తమ చేతనైనంత వేడిని బయటికి పంపుతాయి. గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, దాని రెక్కలకు జిడ్డు. కిటికీని మన పాత భాషలో వాతాయనం అన్నారు, గాలి నడిచే దారి అని అర్థం. గవాక్షం అనీ అన్నారు, ఆవు కన్ను. నార్స్ భాషలో దాని పేరు గాలి కన్ను, ఇంగ్లిషువాళ్ళ విండో దాన్నుంచి వచ్చిందే. ఇన్ని కళ్ళు ఉన్న పేర్లు పెట్టుకున్నాం. షెడ్డు కట్టేటప్పుడు ముందుగా మూసేదీ ఆ కళ్ళనే. దుమ్ము వస్తుందని, దొంగలు వస్తారని, గోడ పక్కన సరుకు పేర్చుకోవచ్చని.

ఈ షెడ్లున్న ఊళ్ళ శివార్లలోనే కోళ్ళ షెడ్డు చూడండి. కొత్తరకం వాటిలో ఒక కొసన నీళ్ళు కారే అట్ట పలకలు, ఇంకో కొసన మనిషి ఎత్తు ఫ్యాన్లు. మే నెల మధ్యాహ్నం కూడా లోపల గాలి చల్లగా పారుతుంటుంది. పెద్ద రెక్కలతో నెమ్మదిగా తిరిగే భారీ సీలింగు ఫ్యాన్లు ఇప్పుడు మన గోదాముల్లో కనిపిస్తున్నాయి కదా, వాటిని 1990ల్లో కాలిఫోర్నియాలో మొదట వాడింది పాడి ఆవుల కోసం. ఎండకు ఆవు పాలు తగ్గిస్తుంది. కోడి ఏకంగా చచ్చిపోతుంది, మర్నాటికి నష్టం లెక్క తేలిపోతుంది. మనిషి అలా కాదు. చెమట తుడుచుకుంటాడు, మజ్జిగ తాగుతాడు, ఇంకో గంట నిలబడతాడు. ఓర్చుకోగలగడమే అతని కొంప ముంచింది. దీని మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కోళ్ళకు గాలి ఎందుకు పెట్టారని కాదు, లెక్క తేలే చోటికే గాలి ముందు వెళ్తుందని గుర్తించడం ఎక్కువ ఉపయోగం.

గుడ్డ డక్టుకూ హద్దులున్నాయి, దాన్ని దేవుణ్ణి చేయనక్కరలేదు. పీల్చే వైపు అది పనికిరాదు. మెత్తని స్ట్రాను గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కుపోయినట్టు, గాలిని లాగితే గుడ్డ ముడుచుకుపోతుంది. దూది ధూళినీ వెల్డింగు పొగనూ పుట్టిన చోటే పట్టి లాగేయాలి కనుక ఆ పని రేకుదో, తీగచుట్టలు కుట్టిన గట్టి గొట్టానిదో. ఇంకొకటి, గుడ్డ తనకిచ్చిన గాలినే పంచుతుంది. ఏ చల్లదనమూ చేర్చకుండా 45 డిగ్రీల వడగాలిని లోపలికి తోస్తే ఆ వడగాలినే కొస దాకా సమానంగా, ఎంతో మర్యాదగా పంచిపెడుతుంది.

దీని మీద ఇన్నేళ్ళుగా జరుగుతున్న కొత్త కల్పనలన్నీ చూస్తే ముచ్చటేస్తుంది. చాలావరకు చిన్నచిన్న చిరాకుల మీదే బుర్రలు పెట్టారు. ఫ్యాను వేయగానే గుడ్డ ఒక్కసారిగా విచ్చుకుని ఫట్‌మని చప్పుడు చేస్తుంది, కింద ఉన్నవాళ్ళు ఉలిక్కిపడతారు. కనుక ఫ్యానును మెల్లగా మొదలుపెట్టించే ఏర్పాటు. ఆపినప్పుడు జారిపోయి చూడటానికి బాగుండదు. కనుక లోపల వెదురు బుట్ట చట్రంలా కమ్మీ చుట్టలు, లేదా రెండు కొసలూ లాగి బిగించే మరలు. వేలాడదీయడానికి స్టీలు తీగ, కర్టెన్ రాడ్డులా అల్యూమినియం పట్టా. నిప్పంటుకోకుండా గుడ్డ దారంలోనే జాగ్రత్త. చల్లగాలైతే పక్కల నుంచి మెల్లగా చిమ్మాలి, వేడిగాలైతే కిందికి గట్టిగా తోయాలి, లేకపోతే అది పైనే తేలుతుంది. చలిదేశాల్లో ఈ రెండు పనులూ ఒకే గొట్టంతో చేయించే ఉపాయాలున్నాయి. షటిల్ ఆడే హాళ్ళవాళ్ళకు దీని మీద ప్రత్యేకమైన ప్రేమ. 5 గ్రాముల బరువుండే షటిల్‌ను ఏసీ గాలి పక్కకు లాగేస్తే ఆట పాడవుతుంది. డ్రిఫ్ట్ అంటే ఏమిటో హైదరాబాద్‌లో ర్యాకెట్ పట్టే పదేళ్ళ పిల్లను అడిగినా చెబుతుంది.

జారిపోకుండా చట్రం పెట్టారని విన్నప్పుడు మాత్రం చిన్న వెలితి. ఎందుకంటే జారిపోవడంలో ఒక నిజాయితీ ఉంది. రేకు డక్టు మెరుస్తూ పైన ఉంటుంది, లోపల గాలి పోతోందో లేదో కింద నిలబడినవాడికి తెలియదు. తనిఖీకి వచ్చిన అధికారికి డక్టు ఉన్నట్టు కనిపిస్తుంది, కాగితం మీదికి ఎక్కుతుంది. ఫ్యాను బెల్టు తెగి ఆరు నెలలైనా అది అలాగే మెరుస్తుంది. చట్రం లేని గుడ్డ అలా నటించలేదు. కరెంటు ఖర్చని మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరైనా ఫ్యాను ఆపితే, కుట్టుమిషన్ ముందు కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసినా చాలు, తెలిసిపోతుంది. ఆమెకు మీటరు చదవడం రానక్కరలేదు, సెక్షన్ నంబరు తెలియనక్కరలేదు.

సాధారణంగా ఏడాదికి ఒకటి రెండుసార్లు గుడ్డ డక్టును దించుతారు. జిప్పులు విప్పి, ముక్కలు ముక్కలుగా మడిచి, పెద్ద వాషింగ్ మిషన్లో వేస్తారు. ఫిల్టర్లు దాటి వచ్చి గుడ్డ లోపలి వైపు అంటుకున్న సన్నని దుమ్మంతా అప్పుడు దిగుతుంది. మొదటిసారి జాడించిన నీళ్ళు మన ఇళ్ళలో భోగికి ముందు దులిపి పిండిన దుప్పట్ల నీళ్ళలా ఉంటాయి, ఇంకా నల్లగా. తర్వాత వాటిని ఎండలో ఆరేస్తారు. ఆ పూట ఫ్యాక్టరీ వెనక దండేల మీద, ఎవరి కొలతకూ సరిపోని పొడుగాటి తెల్లచొక్కాలు వరసగా ఊగుతూ ఉంటాయి.